నలుగురికీ ఒకటే మార్కు

మా తాతయ్య పట్టాభి పదికి తొమ్మిది దాటి ఎవరికీ మార్కు వేయడు. మా అమ్మమ్మ సూర్యప్రభ కాపురానికి వచ్చిన నాటి నుంచి పప్పుచారు పెడుతోంది. ఇంతవరకు ఆవిడకు వచ్చిన పెద్ద మార్కు ఏడున్నర. అదీ ఇంట్లో చుట్టాలు ఉన్నారని వేశాడని ఆవిడ అనుమానం. నేను కాఫీ ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, కాసేపు గోడ వైపు చూసి, "ఐదు" అంటాడు.

"అంటే పాసేగా తాతయ్యా" అంటాను.

"కాఫీ పాసు. కలిపిన మనిషి సంగతి విడిగా చూడాలి."

ఆ మనిషి ఇంటర్ రెండో ఏడాదిలో లెక్కల పేపరు దగ్గర ఆగిపోయిన మనిషి కాబట్టి విడిగా చూడకపోవడమే మంచిది. మా అమ్మానాన్నలు అల్మాస్‌గూడలో ఉంటారు. నేను పనిచేసే సెల్‌ఫోన్ల కొట్టు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్కన కాబట్టి తాతయ్య ఇంట్లో ఉంటున్నాను. అద్దె లేదు, తిండికి లోటు లేదు. బదులుగా పొద్దున్నే ఆయన్ని స్కూటీ మీద ఎల్బీ నగర్ దాటించి, సాగర్ రోడ్డు మీద ఉన్న విశ్వవిద్యాలయం గేటు దగ్గర దింపాలి. దారి పొడవునా నా డ్రైవింగుకు మార్కులు పడుతుంటాయి.

ఆయన అక్కడ గెస్టు లెక్చరరు. చెప్పే కోర్సు పేరు ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. అదేం చదువని ఒకసారి అడిగాను. ఆఫీసులోనో, ఆసుపత్రిలోనో, కొట్లోనో ఏ సంగతి ఎవరికి తెలియాలి, ఎప్పుడు తెలియాలి, తెలిశాక వాళ్ళేం చేయాలి, ఇదంతా కంప్యూటరులో ఎలా అమర్చాలి అనేదే ఆ చదువట.

"ఇది అమ్మమ్మకు ఎవరూ నేర్పకుండానే వచ్చుగా. మన వీధిలో ఏ సంగతైనా ముందు ఆవిడకే తెలుస్తుంది" అన్నాను.

తాతయ్య నవ్వలేదు. "ఆవిడ దగ్గరికి వచ్చేదాకా బానే ఉంటుంది. ఆవిడ దగ్గర్నుంచి బయల్దేరాక ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. దాన్ని మంచి సిస్టమ్ అనరు" అన్నాడు. వంటింట్లో గరిటె చప్పుడు పెరిగింది.

తాతయ్య మొదట బాపట్లలో లెక్కల మాస్టారు. కంప్యూటరు నేర్చుకుంటే చాలు, ఉద్యోగమే వచ్చి తలుపు తడుతుందని జనం నమ్మిన రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. అప్పుడు ఇక్కడ ప్రతి మేడ మీదా ఒక ఇన్‌స్టిట్యూటు, ప్రతి కరెంటు స్తంభానికీ ఒక బోర్డు ఉండేవట. ఆయన ముందు తాను నేర్చుకుని, ఆ వేడి చల్లారకముందే పిల్లలకు చెప్పేవాడు. కోబాల్ చెప్పాడు, అది పోయింది. విజువల్ బేసిక్ చెప్పాడు, అదీ పోయింది. ఒరాకిల్ చెప్తుండగా ఇన్‌స్టిట్యూటే పోయింది. ఇప్పుడా మేడ మీద బట్టల కొట్టు వాళ్ళ గోదాము ఉంది. తర్వాత కొన్నాళ్ళు కొత్తపేటలో ఒక డిగ్రీ కాలేజీ. రిటైరయ్యాక ఈ విశ్వవిద్యాలయం. పాఠాలు మారుతూ వచ్చాయి కానీ మార్కు వేసే పద్ధతి మారలేదు. "నేను ఒక్క మార్కు కలిపింది లేదు, ఒక్క మార్కు కోసింది లేదు" అని పెళ్ళిళ్ళలో కూడా చెప్తాడు. వడ్డించేవాళ్ళు వెనక వరసకు పోవాలని తొందరపడుతున్నా ఆపి మరీ చెప్తాడు.

ఆయన కోర్సులో మార్కుల లెక్క ఇలా ఉంటుంది. సెమిస్టరు చివరి పరీక్షకు అరవై. అంతకుముందు కాలేజీలో వేసే ఇంటర్నల్ మార్కులు నలభై. ఆ నలభైలో సగం తరగతి పరీక్షలకు, మిగతా సగం ప్రాజెక్టుకు. ఇంటర్నల్లో పదహారు రాకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. మరుసటి ఏడు కింది తరగతి వాళ్ళతో కలిసి ఆ కోర్సు మళ్ళీ చదవాలి. ప్రాజెక్టు మాత్రం నలుగురు జట్టుగా చేయాలి. బయట ఏదో ఒక చోటికి పోయి, అక్కడ పని ఎలా నడుస్తోందో చూసి, దానికొక సిస్టమ్ తయారుచేసి చూపించాలి.

తాతయ్య సొంత నియమం ఇక్కడ వస్తుంది. ప్రాజెక్టు చూసే రోజున జట్టులో నలుగురి పేర్లూ చీటీల మీద రాసి, మడిచి, బల్ల మీద వేసి, ఒకటి తీస్తాడు. పేరు వచ్చినవాళ్ళే లేచి మొత్తం ప్రాజెక్టు చెప్పాలి. ప్రశ్నలకు వాళ్ళే జవాబివ్వాలి. వాళ్ళకు ఎంత వస్తే నలుగురికీ అంతే. ఎవరి పేరు వస్తుందో తెలియదు కాబట్టి నలుగురూ పనిచేస్తారని, తెలిసినవాడు తెలియనివాడికి కూర్చోబెట్టి నేర్పుతాడని ఆయన నమ్మకం. ఇన్‌స్టిట్యూటు రోజుల్లో తానే కనిపెట్టిన నియమం ఇది. దాని గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం, సొంత పొలం చూపిస్తున్న మనిషి ముఖంలా ఉంటుంది.

మొన్న ఎండలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం తాతయ్య అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఏమీ అనకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"చారుకు ఏమీ వేయలేదేం?" అంది అమ్మమ్మ.

"ఆఁ?"

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఒక మంచి పిల్లకు ఇరవైకి మూడు వేసి వచ్చాను."

ఆ పిల్ల పేరు సౌందర్య. బడంగ్‌పేట్‌లో ఉంటుంది. కిందటి సెమిస్టరులో ఆయన దగ్గరే డేటాబేస్ కోర్సు చదివింది. ఆ జట్టును ఆయన ఇంట్లో కూడా మెచ్చుకోవడం నాకు గుర్తుంది. క్యాంపస్‌లో ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. జూలైలో చేరాలి. ఒక్క సబ్జెక్టు కూడా మిగలకుండా పాసవ్వాలని కంపెనీ షరతు. ఈసారి వాళ్ళ జట్టు చేసింది బడంగ్‌పేట్ కాలనీలకు నీళ్ళ ట్యాంకర్లు పంపే సిస్టమ్. చీటీలో సౌందర్య పేరు వచ్చింది. తాతయ్య అడిగిన మొదటి ప్రశ్న, పొద్దున రావలసిన ట్యాంకర్ రాకపోతే ఆ సంగతి మొదట ఎవరికి తెలుస్తుంది అని. ఆ పిల్ల, "యూజర్ లాగిన్ అవుతాడు సార్" అని మొదలుపెట్టి, రెండు ముక్కలు చెప్పి, తెర వైపు చూసి ఆగిపోయింది. ఎన్ని రకాలుగా అడిగినా అంతే.

జట్టులో నలుగురికీ మూడు పడ్డాయి. మిగతా ముగ్గురిలో నగేశ్‌కు, సుజనకు తరగతి పరీక్షల్లో మంచి మార్కులున్నాయి కాబట్టి నష్టం లేదు. యోగేందర్ అనే అబ్బాయి సరిగ్గా పదహారు దగ్గర ఆగి బయటపడ్డాడు. సౌందర్యకు తరగతి పరీక్షల్లో పదకొండు. మూడు కలిపితే పద్నాలుగు.

"ఇంకో రెండు వేస్తే పోలా?" అంది అమ్మమ్మ.

"ఆ రెండూ ఎక్కణ్ణుంచి తేను?"

"మీరేం ఇంట్లోంచి తెచ్చి వేస్తున్నారా?"

తాతయ్య లేచి పోయి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున సౌందర్య మా ఇంటికి వచ్చింది. వెంట నగేశ్ ఉన్నాడు. పొడుగాటి కుర్రాడు. మా గుమ్మం ఎత్తు చాలక వంగి లోపలికి వచ్చాడు. సౌందర్య కళ్ళు నిద్ర లేక లోపలికి పోయి ఉన్నాయి. నేను మంచినీళ్ళు ఇచ్చి, గ్లాసులు ఖాళీ అయ్యేదాకా ఉండాలి కదా అన్నట్టు అక్కడే నిలబడ్డాను.

"సార్, మీరు కోపం చేయనంటే ఒక ముచ్చట చెప్త" అన్నాడు నగేశ్.

"చేస్తాను. చెప్పు."

నగేశ్ సౌందర్య వైపు చూశాడు. ఆమె చెప్పమన్నట్టు తల ఆడించింది.

"ప్రాజెక్టులు మేం వంతులేసుకున్నం సార్. నెలకొక్కరు చిట్టీ ఎత్తుకున్నట్లు. ఒక్కో ప్రాజెక్టు ఒక్కరు చేసుడు. మిగిలిన ముగ్గురు వేరే సబ్జెక్టులు చదువుకునుడు. మొన్నటి నెట్‌వర్క్స్‌ది సుజన చేసింది. మీ డేటాబేస్‌ది సౌందర్య చేసింది. గీ ట్యాంకర్లది నా వంతు."

తాతయ్య కళ్ళజోడు తీశాడు. "డేటాబేస్‌లో చీటీకి నీ పేరు వచ్చింది కదయ్యా. పద్దెనిమిది వేశాను."

"గామె నేర్పింది సార్. నేను బట్టీ కొట్టిన."

"బట్టీ కొడితే నాకు తెలియదా?"

నగేశ్ గౌరవం కొద్దీ నేల వైపు చూశాడు.

"పద్దెనిమిది వచ్చిందంటే గట్టి బట్టీయే తాతయ్యా" అన్నాను. ఆయన చూసిన చూపుకు గ్లాసులు తీసుకుని లోపలికి నడిచాను. గుమ్మం అవతల ఆగాననుకోండి.

"మరి ఈసారి నువ్వు ఈ అమ్మాయికి నేర్పలేదా?"

"వాంది తప్పు లేదు సార్" అంది సౌందర్య. "వాడు స్లైడ్లు పంపిండు. నేనే తెరిచి చూడలే. అమ్మను దవాఖానల వేసినం. ఆమె కాడనే ఉన్న. నా వంతు అయిపోయిందిలే అనుకున్న."

"నువ్వు ఉండేది బడంగ్‌పేట్‌లోనేగా. ట్యాంకర్ రాకపోతే ముందు ఎవరికి తెలుస్తుందో నీకు తెలియదా?"

"ఎందుకు తెల్వదు సార్. మా అమ్మకే తెలుస్తది. డ్రమ్ములు పెట్టుకొని నిలబడేది ఆమెనే. డ్రైవర్‌కు ఫోన్ చేస్తే ఎత్తడు. గప్పుడు పక్క గల్లీల ఎవరికన్న ఒచ్చిందా అని నన్ను ఉరికిస్తది."

"ఆ మాటే చెప్పాల్సింది."

"గది నగేశ్ స్లైడ్ల లేదు కద సార్. స్లైడ్ల ఏమున్నదో గుర్తు చేసుకుంటున్న."

తాతయ్య తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"మార్కు కలపమంటలేను సార్" అంది సౌందర్య. "ఇంకోపాలి అడుగుండ్రి. స్లైడ్లు లేకుంట చెప్త."

"నిన్నొక్కదాన్ని మళ్ళీ ఎలా అడుగుతానమ్మా? తరగతిలో అందరికీ ఒకటే నియమం."

"అట్లయితే అందరినీ అడుగుండ్రి" అంది ఆ పిల్ల. తాను ఎంత పెద్ద మాట అన్నదో ఆమెకు తెలియదు. మామూలుగా అనేసి, వాళ్ళమ్మకు టిఫిన్ తీసుకుపోవాలని లేచింది. అమ్మమ్మ ఇడ్లీలు కట్టి ఇచ్చింది.

వాళ్ళు పోయాక తాతయ్య ఆ రోజంతా ఇంట్లోనే అటూ ఇటూ తిరిగాడు. ఆయన బాధ ఇప్పుడు ఆ మూడు మార్కుల గురించి కాదు, కిందటిసారి వేసిన పద్దెనిమిది గురించి. ఆ పద్దెనిమిది నగేశ్‌ది కాదు. సుజనది కాదు, యోగేందర్‌ది కాదు. నలుగురికీ పంచాడు. "ఇన్నేళ్ళూ నేను వేసినవి ఎవరి మార్కులే?" అని అమ్మమ్మను అడిగాడు.

"ఎవరివైతే ఏమండీ, అందరూ ఉద్యోగాలు చేసుకుంటున్నారుగా" అంది అమ్మమ్మ, ఓదారుస్తున్నాననుకుని.

మర్నాడు కొత్తపేట రైతుబజారులో ఒక పాత శిష్యుడు కనిపించాడు. బట్టతల వచ్చింది, ఏదో బ్యాంకులో పెద్ద పదవిలో ఉన్నాడట. వంకాయలు ఏరుతున్నవాడల్లా వాటిని వదిలేసి తాతయ్య కాళ్ళకు దండం పెట్టాడు. తాతయ్య దీవించి, "మీ జట్టులో ప్రాజెక్టు ఎవరు చేశారు బాబూ?" అని అడిగాడు. ఆ శిష్యుడు హాయిగా నవ్వాడు. "ఎవరో ఒకళ్ళం చేసేవాళ్ళం సార్. ఏం రోజులండీ అవి" అన్నాడు. తాతయ్య తీసుకున్న కూరగాయల సంచీ అక్కడే మరిచిపోయి వస్తే నేను వెనక్కి పోయి తెచ్చాను.

ఆ వారంలోనే శాఖ పెద్ద సీతారాములు గారిని కలవడానికి పోయాడు. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. తలుపు తీసే ఉంది. సీతారాములు గారు తాతయ్య కంటే చిన్నవాడు, మర్యాద తెలిసిన మనిషి. టీ తెప్పించాడు.

"గీ చిన్న దానికి మీరెందుకు పరేషాన్ అయితున్నరు సార్? క్లాసు మొత్తానికి ఐదు ఐదు కలిపేయుండ్రి. పిల్ల గట్టెక్కుతది. మన పాస్ పర్సంటేజీ పెరుగుతది. అందరం చేసేదే."

"ఆ ఐదూ ఎవరివి సీతారాములు గారూ?"

"అందరివి సార్."

"నా బాధ అదే" అన్నాడు తాతయ్య. "చీటీలు తీసేస్తాను. క్లాసులో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడుగుతాను. నాకు రెండు రోజులు హాలు ఇప్పించండి."

"శనివారం మార్కులెక్కించే పోర్టల్ బంద్ అయితది. గంతమందిని ఎట్ల అడుగుతరు?"

"అడుగుతాను."

సీతారాములు గారు టీ కప్పును సాసరు మీద అటూ ఇటూ తిప్పాడు. "మీ ఇష్టం. ఒక్క మాట ముందుగల్లనే చెప్త సార్, మళ్ళ ఏమనుకోవద్దు. పాసయ్యేటోళ్ళు తగ్గితే ఒచ్చే ఏడాది గెస్టు ఫ్యాకల్టీల మీ పేరు పెట్టుడు నాకు కష్టం."

తిరిగి వచ్చేటప్పుడు ఎల్బీ నగర్ రింగు దగ్గర నేను ఒక బస్సుకూ ఆటోకూ మధ్య నుంచి దూరాను. మామూలుగా అయితే సున్నా వేసేవాడు. ఈసారి అసలు మార్కే పడలేదు.

అమ్మమ్మకు మాత్రం ఒక తేలిక దారి తోచింది. "పాత మార్కు ఒకటుందిగా. ఇప్పుడు కొత్తది వేస్తారు. రెంట్లో ఏది ఎక్కువైతే అది ఉంచండి. ఎవరూ ఏడవరు."

"పాతది ఎవరిదో నాకు తెలియదే. తెలియని మార్కు ఉంచేదుంటే మళ్ళీ అడగడం ఎందుకు? పాతవన్నీ రద్దని క్లాసులో చెప్పేశాను."

"చెప్పేశారూ" అంది అమ్మమ్మ. ఆవిడ ఆ మాట సాగదీసిందంటే తర్వాత ఎప్పుడో దాని సంగతి ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రెండు రోజులూ ఆయన పొద్దున కూర్చుంటే పొద్దు గుంకేదాకా అడుగుతూనే ఉన్నాడు. గొంతు పోయింది. తేనె, మిరియాల కషాయం సీసాలో పోసి ఇచ్చాను. కొందరు పిల్లలు కారిడార్‌లో ఆయన వినేలాగే విసుక్కున్నారు. ఒకడు, "ముసలాయనకు ఇంట్ల పనిలేదా" అన్నాడు. పని ఉండదు, నిజమే, కానీ ఆ మాట అనే హక్కు నాది, వాడిది కాదు.

రెండో రోజు సాయంత్రం నేను పోయేసరికి సౌందర్య మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతోంది. నన్ను చూసి ఫోన్ చేత్తో మూసి, "అక్కా, పన్నెండు ఒచ్చినయ్. అమ్మకు చెప్తున్న" అంది. ఆమె చివరి పరీక్ష రాస్తుంది. జూలైలో ఉద్యోగంలో చేరుతుంది. నాకూ సంతోషమేసి, తాతయ్యకు ఆ పూట చెరకురసం తాగించాను.

ఇంటికి వచ్చి ఆయన మార్కులు కూడటం మొదలుపెట్టాడు. ఒక చోట ఆగాడు. మళ్ళీ కూడాడు. లెక్కల మాస్టారు ఒకే వరసను రెండోసారి కూడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏమైంది?"

"యోగేందర్" అన్నాడు.

యోగేందర్‌కు విడిగా అడిగితే ఇరవైకి రెండు వచ్చాయి. జట్టు మార్కు మూడు ఉన్నప్పుడు వాడికి సరిగ్గా పదహారు. ఇప్పుడు పదిహేను. సౌందర్య గట్టెక్కిన నియమం మీదే యోగేందర్ మునిగాడు. ఆ పిల్లవాడు హాల్లో పేచీ కూడా పెట్టలేదట. అడిగిన వాటికి తెలియదు, తెలియదు అని చెప్పి, నమస్కారం పెట్టి వెళ్ళాడట.

శనివారం మధ్యాహ్నం, పోర్టల్ ఇంకా మూయక ముందు, యోగేందర్ మా ఇంటికి వచ్చాడు. బక్కపలచని పిల్లవాడు. బైక్ టాక్సీ వాళ్ళు వేసుకునే చొక్కా మీదే ఉన్నాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"కొట్లాడనీకి రాలే సార్. నాకు రెండంటే రెండే. నాకేం రాదు, నిజమే."

"ఎందుకు రాదు? క్లాసుకు వస్తావు కదా."

"ఒస్త సార్. ఎనకాల కూసుంట. అర్థమైనట్లే ఉంటది." చొక్కా చేతులు సర్దుకుని, "నా వంతు ఇంక రాలే సార్. ఇంకో సబ్జెక్టుల ఆఖరి ప్రాజెక్టు మిగిలింది, గది నాది. చేసుడు గప్పుడు నేర్చుకుందామనుకున్న" అన్నాడు.

"మూడు ఉంచి ఉంటే నువ్వు పాసు."

"అవ్ సార్. కానీ గా మూడు సౌందర్యయి."

వాడు దెప్పడానికి అనలేదు. ఉన్నది చెప్పాడు, అంతే. అమ్మమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సాగదీసిన మాట ఇప్పుడు అంటుందనుకున్నాను. అనలేదు. అబ్బాయికి మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది.

వాడు వెళ్ళాక తాతయ్య ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. యోగేందర్ వరస దగ్గర గీత మెరుస్తూ ఆరుతూ ఉంది.

"ఒక్క మార్కు తాతయ్యా" అన్నాను.

"ఒక్కటే. నాకు తెలుసు."

"వేసెయ్యరాదూ. వాడికి రెండు వేసిన చేతికి మూడు వేయడం రాదా?"

"మూడు వేస్తే పాత పద్ధతిలో వేసినట్టు. అప్పుడు మిగతా అందరికీ పాతదీ కొత్తదీ చూసి వేయాలి. వేయచ్చు. అలా వేస్తే నేను ఈ రెండు రోజులూ ఏం చేసినట్టు?"

"ఏమీ చేయనట్టు. పోనీ."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. ఆ ముఖంలో ఏముందో నాకు సరిగ్గా తెలియలేదు. తర్వాత గొంతు సవరించుకుని, ఉన్నవి ఉన్నట్టు పంపేశాడు. నేనైతే ఆ ఒక్కటీ వేసేదాన్ని. అందుకే నేను సెల్‌ఫోన్లకు గ్లాసులు అతికిస్తున్నాను.

అమ్మమ్మ ఆయనతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నన్ను మధ్యలో పెట్టి మాట్లాడింది. "మీ తాతయ్యను స్నానానికి లేవమను" అనేది, ఆయన పక్కనే నిలబడి. ఆయన కూడా, "వస్తున్నానని చెప్పు" అనేవాడు. నేను ఇద్దరి మాటలూ చేరవేస్తూ, నాకు ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఎన్ని వేస్తారని అడిగాను. ఎవరూ నవ్వలేదు. ఆయన తిండి తగ్గింది.

ఒక రోజు కాలేజీ వైపు తీసుకుపొమ్మన్నాడు. అప్పటికి పరీక్షలు అయిపోయాయి. సీతారాములు గారి గదిలోంచి తాతయ్య మాటలు నాకు కొద్దికొద్దిగా వినపడ్డాయి. తప్పినవాళ్ళు వచ్చే ఏడాది ఈ కోర్సు మళ్ళీ చదువుతారు కదా, వాళ్ళకు పాఠం తననే చెప్పనివ్వమని అడుగుతున్నాడు. తాతయ్య ఎవరినీ ఏదీ అడగగా నేను చూడలేదు. చుట్టాల ఇంట్లో మంచినీళ్ళు కూడా అడగడు.

"ముందుగల్లనే చెప్పిన కద సార్" అన్నాడు సీతారాములు గారు.

"చెప్పారు."

"చూద్దాం. గ్యారంటీ అయితే ఇయ్యలేను."

ఆయన చూద్దామన్న మాట ఇప్పటికీ అలాగే ఉంది.

ఈలోగా తాతయ్య యోగేందర్‌ను ఆదివారాలు ఇంటికి రమ్మన్నాడు. ఆ అబ్బాయి ఫోన్‌లో, "ఒస్త సార్" అన్నాడు. ఆదివారం తాతయ్య తెల్లచొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నాడు. అమ్మమ్మ రెండు పెసరట్లు ఎక్కువ వేసి మూతపెట్టింది. యోగేందర్ రాలేదు. మళ్ళీ ఆదివారం కూడా రాలేదు. నేను ఫోన్ చేస్తే వెనక హారన్లు వినిపించాయి. "ఆదివారమే రైడ్లు బాగ దొరుకుతయ్ అక్కా. సార్‌కు చెప్పు, మల్లెప్పుడన్న ఒస్త" అన్నాడు. ఉన్న మాట తాతయ్యకు చెప్పేశాను.

"వాడు ఎక్కడ ఉంటాడు?"

"ఎల్బీ నగర్ మెట్రో కింద. బండ్లవాళ్ళంతా అక్కడే ఉంటారు."

"పద" అన్నాడు.

ఎండ మండిపోతోంది. స్టేషన్ నీడలో వరసగా బండ్లు, వాటి మీద వెనక్కి వాలి ఫోన్లు చూస్తున్న కుర్రాళ్ళు. యోగేందర్ చివర ఉన్నాడు. తాతయ్య నా స్కూటీ దిగి, చొక్కా సర్దుకుని, అతని దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఖాళీయేనా?"

"ఏడికి?" అంటూ తల ఎత్తిన పిల్లవాడు ఒక్క ఉదుటున బండి దిగాడు. "సార్, మీరేంది ఇక్కడ? ఒద్దామనే అనుకుంటున్న సార్."

"బాటసింగారం పోవాలి."

"అంత దూరమా? ఏం పని సార్?"

"పండ్ల మార్కెట్ చూద్దాం. ఏ లారీ వచ్చిందో, ఏది రాలేదో అక్కడ ఎవరికి ఎలా తెలుస్తుందో నువ్వు నాకు చెప్పాలి. వచ్చే ఏడాది నీ ప్రాజెక్టు నువ్వొక్కడివే చేయాలి."

"వచ్చే ఏడాది మీరే చెప్తరా సార్?"

"తెలియదు" అన్నాడు తాతయ్య. "అందుకే ఇప్పుడు పోదామంటున్నాను."

యోగేందర్ నా వైపు చూశాడు. నేను భుజాలు ఎగరేశాను.

"ఎండ మస్తుంది సార్. మీరు పడతరు."

"పట్టుకుంటాను."

"పైసలు ఒద్దు సార్ మల్ల."

"యాప్‌లో ఎంత చూపిస్తే అంత ఇస్తాను. ఆ మాట మళ్ళీ ఎత్తకు."

నా హెల్మెట్ తీసి తాతయ్యకు పెట్టాను. అది గులాబీ రంగుది. పెట్టుకోనని మొండికేసి, చివరికి పెట్టుకున్నాడు. వాళ్ళు ముందు, నేను వెనక. హయత్‌నగర్ వైపు పోయే రోడ్డు మీద లారీల మధ్య ఆ గులాబీ హెల్మెట్ కనిపిస్తూ, మాయమవుతూ పోతోంది. ఒక సిగ్నల్ దగ్గర నేను వాళ్ళకు దగ్గరయ్యాను. తాతయ్య ముందుకు వంగి వాడి చెవి దగ్గర ఏదో అడుగుతున్నాడు. యోగేందర్ తల అడ్డంగా ఆడించాడు. తాతయ్య మళ్ళీ అడిగాడు. ఈసారి వాడు వెంటనే తల ఆడించలేదు. ఆలోచిస్తున్నాడో, ఎండకు కళ్ళు మూసుకున్నాడో వెనక నుంచి తెలియలేదు.

పచ్చ లైటు పడింది, బండి కదిలింది. తాతయ్య పట్టుకున్న చెయ్యి వదిలేసి, గాలిలో గీతలు గీస్తూ వాడికి ఏదో చూపించడం మొదలుపెట్టాడు. పట్టుకో తాతయ్యా అని అరిచాను. హారన్ కొట్టాను. ఆయన వినిపించుకోలేదు.